కార్బన్ ఫైబర్ అతికించిన కాంక్రీటు బీమ్‌ను కంప్యూటర్‌లో మోడల్ చేయడం: కాగితం లెక్క నుంచి చివరి గ్రాఫ్ దాకా

మొన్న విశాఖ మద్దిలపాలెంలో ఒక టీకొట్టు దగ్గర ఎంటెక్ విద్యార్థి ఒకరు లాప్‌టాప్ తెరిచి తన గ్రాఫ్ చూపించాడు. లోడ్–డిఫ్లెక్షన్ గీత కైలాసగిరి రోప్‌వేలా పైకి పోతూనే ఉంది, దిగే ఊసే లేదు. ల్యాబ్‌లో అదే బీమ్‌కు కింద అతికించిన కార్బన్ షీట్ ఎప్పుడో ఊడిపోయింది. "సార్, నా బీమ్ విరగట్లేదు" అన్నాడు. ఈ మాట వారానికి ఒకసారైనా ఎవరో ఒకరి దగ్గర వింటున్నాను. గాజువాక నుంచి ఫోన్లు, మధురవాడ నుంచి మెసేజీలు, అన్నిటిలో ప్రశ్న ఒకటే. అందుకే పని ఏ వరుసలో చేయాలో మొత్తం ఇక్కడ పెడుతున్నాను. మెనూ పేర్లు అబాకస్ అనే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌వి. అన్సిస్ వాడేవాళ్లకు మెనూలు మారతాయి, వరుస మారదు.

1. సాఫ్ట్‌వేర్ తెరవకముందు కాగితం మీద

ఉదాహరణకు ఈ బీమ్ తీసుకుందాం. చివరిదాకా ఇదే.

- అడ్డుకొలత 150 × 250 మి.మీ., మొత్తం పొడవు 2300, సపోర్టుల మధ్య దూరం 2100 మి.మీ.
- రెండు పాయింట్ల లోడింగ్, ఒక్కో లోడు సపోర్టు నుంచి 700 మి.మీ. దూరంలో
- కింద రెండు 12 మి.మీ. ఎఫ్‌ఈ 500 ఊచలు (500 మెగాపాస్కల్ దగ్గర యీల్డ్, అంటే శాశ్వతంగా సాగడం మొదలు), పైన రెండు 8 మి.మీ. ఊచలు, 8 మి.మీ. రింగులు 100 మి.మీ.కు ఒకటి
- కవర్ 25 మి.మీ., అంటే ఎఫెక్టివ్ డెప్త్ 211 మి.మీ.
- ఎం25 గ్రేడు కాంక్రీటు, టెస్టు రోజున క్యూబ్ బలం 32 మెగాపాస్కల్
- కింది ముఖానికి 100 మి.మీ. వెడల్పు, 1900 మి.మీ. పొడవున్న ఒక పొర కార్బన్ షీట్ (చదరపు మీటరుకు 300 గ్రాములు; మాడ్యులస్ 230 గిగాపాస్కల్, మందం 0.167 మి.మీ., ఈ మందం ఎలా వచ్చిందో 6వ మెట్టులో)

ముందు మూడు చేతి లెక్కలు వేసుకోండి. అరగంట పని. దీన్ని దాటేసినవాళ్లు తరవాత మూడు వారాలు తిరుగుతారు.

మొదటిది, పగులు రాకముందు గట్టిదనం. మొత్తం లోడు 5 కిలోన్యూటన్లు, కాంక్రీటు మాడ్యులస్ 28,000 మెగాపాస్కల్ అనుకుంటే మధ్యలో డిఫ్లెక్షన్ సుమారు 0.15 మి.మీ.

రెండోది, షీట్ లేని బీమ్ బలం. ఊచల టెన్షన్ 113 కిలోన్యూటన్లు, కంప్రెషన్ బ్లాక్ లోతు సుమారు 35 మి.మీ., మొమెంట్ దాదాపు 22 కిలోన్యూటన్ మీటర్లు. అంటే మొత్తం లోడు 62 కిలోన్యూటన్ల దగ్గర.

మూడోది, షీట్ ఉన్న బీమ్. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ గైడు ఏసీఐ 440.2ఆర్ చెప్పే ఊడిపోయే స్ట్రెయిన్ = 0.41 × √(కాంక్రీటు సిలిండర్ బలం ÷ (పొరల సంఖ్య × షీట్ మాడ్యులస్ × మందం)). మన అంకెలు పెడితే (సిలిండర్ బలం 25.6, అది 3వ మెట్టులో) 0.0106. షీట్‌లో బలం 41 కిలోన్యూటన్ల దాకా వస్తుంది, బీమ్ మొత్తం లోడు 87 దగ్గర తేలుతుంది.

0.15 మి.మీ., 62, 87. ఈ మూడు అంకెలు రాసి మానిటర్‌కు అంటించుకోండి.

2. యూనిట్లు

మి.మీ., న్యూటన్, మెగాపాస్కల్. ఇంకేదీ కలపొద్దు. ఎక్స్‌ప్లిసిట్‌లో (కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కదిపే లెక్క పద్ధతి) నడిపితే కాంక్రీటు సాంద్రత ఘన మి.మీ.కు 2.4×10⁻⁹ టన్నులు అని ఇవ్వాలి. 2400 అని కొడితే సాఫ్ట్‌వేర్ నోరెత్తదు, తప్పు జవాబు మాత్రం ఇస్తుంది.

3. కాంక్రీటు

కాంక్రీట్ డ్యామేజ్డ్ ప్లాస్టిసిటీ మోడల్ చాలు. అడిగే అయిదు అంకెల్లో మూడు ఎప్పుడూ వాడేవే: ఎక్సెంట్రిసిటీ 0.1, రెండు దిక్కుల బలానికీ ఒక దిక్కు బలానికీ నిష్పత్తి 1.16, కె విలువ 0.667. డైలేషన్ కోణం (కాంక్రీటు నలిగేటప్పుడు ఎంత ఉబ్బుతుందో చెప్పేది) 36తో మొదలుపెట్టి 30, 40లతో కూడా నడిపి చూడండి. వంపులో విరిగే బీమ్‌కు పెద్ద తేడా రాదు. షియర్‌లో, అంటే ఏటవాలు కోతలో, విరిగే బీమ్‌కు బాగా వస్తుంది. విస్కాసిటీ సంగతి 8వ మెట్టులో.

కంప్రెషన్‌కు క్యూబ్ బలం నేరుగా ఇవ్వొద్దు. 0.8తో గుణించి సిలిండర్ బలం 25.6 తీసుకోండి. మాడ్యులస్‌కు ఐఎస్ 456లోని 5000 × √(క్యూబ్ బలం) వేస్తే 28,000 పైచిలుకు వస్తుంది. డిజైన్ చేయడం లేదు, టెస్టుతో పోలుస్తున్నాం కాబట్టి గ్రేడు అంకె 25 కాకుండా ఆ రోజు విరిగిన క్యూబ్ అంకె 32 వాడాలి.

గీతకు దేశాయి–కృష్ణన్ 1964లో ఇచ్చిన సూత్రం తేలిక: స్ట్రెస్ = మాడ్యులస్ × స్ట్రెయిన్ ÷ (1 + (స్ట్రెయిన్ ÷ శిఖర స్ట్రెయిన్)²). చాలామంది ఇక్కడే కాలు జారతారు. శిఖర స్ట్రెయిన్ 0.002 అని ఎక్కడినుంచో, మాడ్యులస్ ఇంకెక్కడినుంచో తెస్తారు. ఆ రెండూ సూత్రంలో ముడిపడి ఉన్నాయి: శిఖర స్ట్రెయిన్ = 2 × బలం ÷ మాడ్యులస్. మనకు 0.00183 వస్తుంది. అది కుదరకపోతే ఇనెలాస్టిక్ స్ట్రెయిన్ (మొత్తం స్ట్రెయిన్‌లోంచి స్ట్రెస్ ÷ మాడ్యులస్ తీసేయగా మిగిలేది) పట్టికలో మైనస్ అంకెలు వచ్చి సాఫ్ట్‌వేర్ తిప్పికొడుతుంది. పట్టిక మొదటి వరుస బలంలో 40 శాతం దగ్గర, ఇనెలాస్టిక్ స్ట్రెయిన్ సున్నాతో మొదలవ్వాలి.

టెన్షన్‌కు స్ప్లిట్ టెస్టు అంకె ఉంటే దానిలో 90 శాతం తీసుకోండి. ఇక్కడ 2.3 మెగాపాస్కల్ అనుకుందాం. 0.7 × √ సూత్రంతో వచ్చేది వంపులో పగిలే బలం. అది ఎక్కువ ఉంటుంది, నేరుగా పెట్టకూడదు. పగిలాక సంగతి స్ట్రెయిన్‌లో కాకుండా ఫ్రాక్చర్ ఎనర్జీలో ఇవ్వండి. మోడల్ కోడ్ 2010 ప్రకారం 73 × (సగటు బలం)^0.18, అంటే మన బీమ్‌కు మీటరుకు 131 న్యూటన్లు, మన యూనిట్లలో 0.131. స్ట్రెయిన్‌లో ఇస్తే మెష్ (బీమ్‌ను విడగొట్టే చిన్న గడులు, అంటే ఎలిమెంట్లు) మార్చిన ప్రతిసారీ జవాబు మారుతుంది.

డ్యామేజ్ వేరియబుల్స్ పట్టిక కోసం రాత్రుళ్లు మేలుకునేవాళ్లను చూశాను. లోడు ఒకే దిశలో పెరిగే టెస్టుకు అవి లేకపోయినా గ్రాఫ్ వస్తుంది. లోడు వేసి తీసే పరీక్షలకు దాచుకోండి.

4. ఊచలు, రింగులు

ట్రస్ ఎలిమెంట్లు, కాంక్రీటులో ఎంబెడ్. మాడ్యులస్ 2,00,000, యీల్డ్ అయ్యాక వాలు అందులో ఒక శాతం. యీల్డ్ విలువ మీ ఊచ టెస్టుదే వాడండి. ఎఫ్‌ఈ 500 ఊచ 500 దగ్గరే ఆగదు, సాధారణంగా ఎక్కువే చూపిస్తుంది. రింగులు మానేసి నడిపితే బీమ్ మోడల్‌లో షియర్‌లో పోతుంది, తప్పు కాంక్రీటు మీదికి నెట్టేస్తారు.

5. ముందు షీట్ లేని బీమ్, తరవాతే షీట్

ఈ వరుస తప్పితే మిగతావన్నీ వృథా. షీట్ లేని బీమ్ ల్యాబ్ గ్రాఫ్‌తో కుదిరేదాకా కార్బన్ జోలికి పోకండి.

నేర్చుకోడానికి ఉచిత లెర్నింగ్ ఎడిషన్ వాడుతుంటే 1000 నోడ్లు (ఎలిమెంట్ల మూల బిందువులు) దాటనివ్వదు. నాలుగో వంతు త్రీడీ మోడల్‌ను 25 మి.మీ. మెష్‌తో చేస్తే కాంక్రీటుకే 4 × 11 × 47 = 2068 నోడ్లు. కుదరదు. టూడీ ప్లేన్ స్ట్రెస్‌లో సగం బీమ్ చేస్తే 11 × 47 = 517. ఊచలు, రింగులు, తరవాత షీట్ కలిపినా వెయ్యిలోపే ఉంటుంది. మందం 150 ఇవ్వండి, ఊచల వైశాల్యం రెండింటిదీ కలిపి ఇవ్వండి.

సాగే ముందు చూసుకోవాల్సినవి:

- 5 కిలోన్యూటన్ల దగ్గర డిఫ్లెక్షన్ 0.15 మి.మీ. చుట్టుపక్కల ఉందా
- మొదటి పగులు 10 నుంచి 15 కిలోన్యూటన్ల మధ్య, రెండు లోడుల నడుమ భాగంలో వచ్చిందా
- ఊచ యీల్డ్ అయ్యాక గీత 62 దగ్గర వంగిందా
- సగం మోడల్ లోడును 2తో, నాలుగో వంతు మోడల్ లోడును 4తో గుణించారా

చివరిది చదివి నవ్వకండి. గుణించడం మరిచిపోయి కాంక్రీటు బలం పెంచుకుంటూ పోయినవాళ్లు ఉన్నారు.

6. షీట్: మందం దగ్గర బోల్తా

ఇది నేనే పడ్డ గోతి. మొదటిసారి చేసినప్పుడు ఎపాక్సీతో ఎండిన షీట్‌ను వెర్నియర్‌తో కొలిచి 1 మి.మీ. అని ఇచ్చాను. మాడ్యులస్ మాత్రం డేటాషీట్‌లోని 230 గిగాపాస్కల్. ఆ 230 ఉత్త నార అంకె. నా బీమ్‌కు ఉండాల్సినదానికి ఆరు రెట్లు షీట్ అతికించినట్టయింది.

నార మందం ఇలా తీయాలి: చదరపు మీటరు బరువును నార సాంద్రతతో భాగించాలి. 300 గ్రాముల గుడ్డ అయితే 300 ÷ 1.8 = 167 మైక్రాన్లు, అంటే 0.167 మి.మీ. 200 గ్రాములదైతే 0.111. నార మాడ్యులస్‌తో నార మందం, ఎండిన లామినేట్ మాడ్యులస్‌తో ఎండిన మందం. ఈ జతలు విడదీయకూడదు. ఫ్యాక్టరీలో తయారైన 1.2 లేదా 1.4 మి.మీ. ప్లేట్ వాడితే డేటాషీట్ అంకెలు రెండూ ప్లేట్‌వే కాబట్టి చిక్కు లేదు.

కార్బన్‌కు యీల్డ్ ఉండదు. తెగేదాకా సరళరేఖే. త్రీడీలో షెల్ ఎలిమెంట్లు పెట్టి నార దిక్కును బీమ్ పొడవుకు తిప్పండి. దిక్కు అడ్డంగా ఉంటే షీట్ ఉన్నా లేనట్టే. రన్ చేసేముందు మెటీరియల్ ఓరియెంటేషన్ బాణాలను తెర మీద ఒకసారి చూడండి.

7. అతుకు: అసలు కథ ఇక్కడే

ల్యాబ్‌లో షీట్ ఊడిన బీమ్ దొరికితే వెంటనే వదిలిపెట్టకండి. షీట్‌ను వెనక్కి తిప్పి వేలితో తడమండి. నున్నటి జిగురు తగలదు. ఇసుకరేణువులు తేలిన బూడిదరంగు పొర తగులుతుంది, గోటితో గీస్తే రాలుతుంది. అక్కడక్కడ చిన్న కంకర ముక్క కూడా షీట్‌కే అంటుకుని వచ్చి ఉంటుంది. తెగింది జిగురు కాదు, దాని పైనున్న కాంక్రీటు చర్మం.

మోడల్‌లో దీని అర్థం: జిగురు డబ్బా మీద రాసిన బలాన్ని అతుకు బలంగా ఇస్తే షీట్ ఎన్నటికీ ఊడదు. టై కన్‌స్ట్రెయింట్ (రెండు ముఖాలను ఎప్పటికీ విడిపోకుండా కట్టేయడం) ఇచ్చినా అంతే. టీకొట్టు దగ్గరి రోప్‌వే గ్రాఫ్‌కు కారణం ఆ టై ఒక్కటే.

2005లో లూ, టెంగ్ బృందం ఇచ్చిన బాండ్–స్లిప్ మోడల్ (అతుకులోని స్ట్రెస్‌కూ జారుడుకూ ఉన్న సంబంధం) దీనికి బాగా కుదురుతుంది. ముందు వెడల్పు గుణకం తీయాలి. షీట్ వెడల్పు ÷ బీమ్ వెడల్పు = 100 ÷ 150 = 0.667. వెడల్పు గుణకం = √((2.25 − 0.667) ÷ (1.25 + 0.667)) = 0.909.

ఆ తరవాత వరుసగా:

- గరిష్ఠ షియర్ స్ట్రెస్ = 1.5 × 0.909 × 2.3 = 3.14 మెగాపాస్కల్
- ఆ స్ట్రెస్ దగ్గర జారుడు = 0.0195 × 0.909 × 2.3 = 0.041 మి.మీ.
- ఎనర్జీ = 0.308 × 0.909² × √2.3 = 0.386 న్యూటన్/మి.మీ.
- పూర్తిగా ఊడే జారుడు = 2 × 0.386 ÷ 3.14 = 0.246 మి.మీ.

స్ట్రెస్‌ను జారుడుతో భాగిస్తే మొదటి స్టిఫ్‌నెస్ 77 వస్తుంది. కాంక్రీటు ఏదైనా, వెడల్పు ఏదైనా ఇది 77 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే 1.5 ÷ 0.0195 మాత్రమే మిగులుతుంది. మీ ఫైలులో 7,700 కనిపిస్తే యూనిట్లు ఎక్కడో తప్పాయి.

అబాకస్‌లో ఇవ్వడం ఇలా. కాంక్రీటుకూ షీట్‌కూ మధ్య కోహెసివ్ ఎలిమెంట్ల పొర, ట్రాక్షన్–సెపరేషన్ రకం. ఆ పొర మందం సెక్షన్‌లో 1.0 అనే ఉండాలి. జిగురు మందం 2 మి.మీ. అని ఇస్తే స్టిఫ్‌నెస్‌ను సాఫ్ట్‌వేర్ దానితో భాగించేస్తుంది. డ్యామేజ్ మొదలవడానికి క్వాడ్రాటిక్ స్ట్రెస్ షరతు: రెండు షియర్ దిక్కుల్లో 3.14, పైకి లాగే దిక్కులో కాంక్రీటు టెన్షన్ బలం 2.3. డ్యామేజ్ పెరగడానికి ఎనర్జీ రకం, లీనియర్: షియర్‌కు 0.386, లాగుడుకు కాంక్రీటు ఫ్రాక్చర్ ఎనర్జీ 0.131. టూడీ మోడల్‌లో ఈ పొరకూ షీట్‌కూ వెడల్పు 100 ఇవ్వాలి. అలవాటుగా 150 కొట్టేయకండి.

మెష్ ఎంత చిన్నది ఉండాలో కూడా అతుకే చెబుతుంది. చెన్–టెంగ్ 2001 సూత్రం ప్రకారం పనిచేసే అతుకు పొడవు √(షీట్ మాడ్యులస్ × మందం ÷ √సిలిండర్ బలం). మనకు 87 మి.మీ. ఆ పొడవులో కనీసం ఆరేడు ఎలిమెంట్లు పడాలి, అంటే 12.5 మి.మీ. మెష్. 25 మి.మీ.తో మూడే పడతాయి. నేర్చుకోడానికి సరే, థీసిస్‌లో పెట్టడానికి కాదు.

8. సపోర్టులు, లోడు, రన్

సపోర్టుల దగ్గరా లోడు దగ్గరా స్టీల్ ప్లేట్ ముక్కలు పెట్టండి. ఒక్క నోడ్ మీద లోడు వేస్తే అక్కడి కాంక్రీటే పిండి అయిపోయి లెక్క ఆగిపోతుంది. సిమెట్రీ వాడినప్పుడు సపోర్టు కేవలం నిలువు కదలికను ఆపాలి. అడ్డంగా కూడా బిగిస్తే ఆర్చ్ పుట్టుకొచ్చి బీమ్ లేని బలం చూపిస్తుంది.

లోడు న్యూటన్లలో కాదు, కదలికలో ఇవ్వండి. ఈ బీమ్‌కు 30 మి.మీ. చాలు. షీట్ ఊడగానే లోడు పడిపోవాలి. న్యూటన్లలో ఇస్తే ఆ పడిపోవడం కనిపించదు.

లెక్క మధ్యలో ఆగిపోతే నేను ఈ వరుసలో చూస్తాను:

- మొదటి ఇంక్రిమెంట్ 0.01కు, కనిష్ఠం 10⁻⁸కు దించండి, గరిష్ఠ ఇంక్రిమెంట్ల సంఖ్య పెంచండి
- ఎక్కడ ఆగిందో ఆ ఎలిమెంట్ చూడండి. ప్లేట్ కిందైతే ప్లేట్ పెద్దది చేయండి
- విస్కాసిటీ 10⁻⁴ ఇవ్వండి, కోహెసివ్ పొరకు కూడా
- అప్పటికీ కుదరకపోతే ఎక్స్‌ప్లిసిట్‌కు మారండి. కైనెటిక్ ఎనర్జీ ఇంటర్నల్ ఎనర్జీలో 5 శాతం దాటకూడదు

విస్కాసిటీ విషయంలో ఒక మాట. అది కాలం యూనిట్లలో ఉండే అంకె. స్టెప్ సమయం 1 అయితే 10⁻³ అంటే ఒక అర్థం, 10 అయితే వేరే అర్థం. కన్వర్జ్ కాలేదని 0.01 దాకా పెంచేస్తే బీమ్ నడుస్తుంది గానీ బలం ఊరికే పెరుగుతుంది. 10⁻³, 10⁻⁴, 10⁻⁵లతో మూడు రన్‌లు చేసి గీతలు ఒకదాని మీద ఒకటి వేయండి. చివరి రెండూ కలిసిపోతే ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

9. ఫలితం చదవడం

గరిష్ఠ లోడు కుదిరిందని సంబరపడొద్దు. తప్పు కారణంతో కూడా సరైన లోడు రావచ్చు. షీట్ స్ట్రెయిన్‌ను పొడవు వెంట గీయండి. రెండు లోడుల మధ్య దాదాపు సమంగా ఉండి, చివరల వైపు తగ్గుతూ పోవాలి. గరిష్ఠం 0.0106కు దగ్గరలో ఉండగా లోడు పడిపోతే, లోడు పాయింటు దగ్గరి పగులు నుంచి చివర వైపు అతుకు డ్యామేజ్ పాకుతూ కనిపిస్తే, ల్యాబ్‌లో చూసినదే తెర మీదా చూస్తున్నారు.

డ్యామేజ్ చివరి నుంచి లోపలికి పాకుతుంటే అది షీట్ చివర ఊడటం. మన షీట్ సపోర్టుకు 100 మి.మీ. ముందే ఆగుతుంది కాబట్టి ఆ చివరను కన్నేసి ఉంచాలి. ల్యాబ్ బీమ్‌కు యు ఆకారపు చుట్లు వేసి ఉంటే మోడల్‌లోనూ వేయాలి. కవర్ మొత్తం ఊచల మట్టం దగ్గర చీలి షీట్‌తో సహా ఊడిన బీమ్‌ను మాత్రం ఈ కోహెసివ్ పొర ఒక్కటే పట్టుకోలేదు. అక్కడ త్రీడీ, ఊచల చుట్టూ చిన్న మెష్ తప్పవు.

10. బీచ్ రోడ్డు పక్క పాత బీమ్ అయితే

ల్యాబ్ బీమ్ కొత్తది. మన ఊళ్లో కార్బన్ అడిగేవాళ్ల బీములు ఉప్పుగాలి తిన్నవి. వాటికి మూడు మార్పులు చేయాలి.

ఊచ వైశాల్యం డ్రాయింగ్ నుంచి తీసుకోవద్దు. తుప్పు గీకి వెర్నియర్ పెట్టండి. 12 మి.మీ. ఊచ 10.5కు తగ్గితే వైశాల్యంలో 23 శాతం పోయినట్టు.

అతుకు లెక్కలోని 2.3 అక్కడ చెల్లదు. ఉబ్బిన కవర్ కొట్టేసి రిపేర్ మోర్టార్ వేశాక పుల్-ఆఫ్ టెస్టు (పైపొరను లాగి ఎంత బలానికి ఊడుతుందో కొలిచేది) చేయించండి. ఏసీఐ 440.2ఆర్ కనీసం 1.4 మెగాపాస్కల్ అడుగుతుంది. టెస్టులో 1.5 వచ్చిందనుకుంటే గరిష్ఠ షియర్ స్ట్రెస్ 2.05కు, ఎనర్జీ 0.31కు దిగుతాయి. లోపల తుప్పు నడుస్తుండగా పైన షీట్ అతికించే పనికి మోడల్ చేయమని అడిగితే నేను ఒప్పుకోను. ఊచ ఉబ్బి కవర్‌ను నెట్టేస్తుంటే ఈ లెక్కల్లో ఏదీ నిలవదు.

మూడోది చాలామంది వదిలేసేది. పాత బీమ్ అప్పటికే స్లాబు బరువు మోస్తూ కొంత వంగి ఉంటుంది, షీట్ ఆ తరవాత వస్తుంది. మొదటి స్టెప్‌లో మోడల్ చేంజ్ వాడి షీట్‌నూ కోహెసివ్ పొరనూ తీసేసి అప్పటికే మోస్తున్న బరువు వేయండి. రెండో స్టెప్‌లో స్ట్రెయిన్ లేకుండా వాటిని మళ్లీ చేర్చి, మిగతా లోడు వేయండి. ఒకే స్టెప్‌లో అన్నీ వేస్తే షీట్ తాను మోయని బరువు కూడా మోసినట్టు చూపిస్తుంది, ఊచ యీల్డ్ అయ్యే లోడు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. సైట్‌లో జాకీలు పెట్టి స్లాబు బరువు దించాకే షీట్ అతికించారా లేదా అని మేస్త్రీని అడిగి తెలుసుకోండి. మొదటి స్టెప్‌లో ఎంత లోడు వేయాలో ఆ జవాబును బట్టే ఉంటుంది.